అప్‌గ్రేడ్ తర్వాత సర్వీసు ఆగిపోతే: వెనక్కి వెళ్లే దారినీ ముందే పరీక్షించాలి

2012 జూన్ 17, ఆదివారం. బ్రిటన్‌లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గ్రూపు సాంకేతిక విభాగం ఒక సాఫ్ట్‌వేర్‌ను అప్‌గ్రేడ్ చేసింది. పగలు జరిగిన లావాదేవీలను రాత్రిపూట వరుస తప్పకుండా ఖాతాలకు ఎక్కించే బ్యాచ్ షెడ్యూలర్ అది. సోమవారం తేడాలు కనిపించాయి. కొత్త వెర్షన్‌ను తీసేయాలని నిర్ణయించారు. తీసేస్తే ఏమవుతుందో మాత్రం ముందు పరీక్షించలేదు. కొత్త వెర్షన్‌కూ పాతదానికీ పొసగదన్న సంగతి అప్పటికి ఎవరూ గుర్తించలేదు.

ఫలితంగా ఆర్‌బీఎస్, నాట్‌వెస్ట్, అల్‌స్టర్ బ్యాంకుల ఖాతాదారులు 65 లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. ఖాతాల్లో సరైన నిల్వ కనిపించలేదు, చెల్లింపులు నిలిచిపోయాయి. అల్‌స్టర్ బ్యాంకులో అంతరాయం జులై 10 వరకు కొనసాగింది. 2014 నవంబరులో బ్రిటన్ నియంత్రణ సంస్థలు రెండూ కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

పెద్ద బ్యాంకుకైనా, ఒక్క సర్వర్ మీద నడిచే చిన్న సంస్థకైనా ఇందులో పాఠం ఒకటే. అప్‌గ్రేడ్ ఎలాగైతే ఒక మార్పో, దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా అలాంటి మార్పే.

సర్వీసు ఎందుకు ఆగుతుంది?

లినక్స్ సర్వర్లలో సాధారణంగా కనిపించే కారణాలు నాలుగు.

మొదటిది సెట్టింగుల ఫైలు. పాత వెర్షన్ అంగీకరించిన ఒక ఆప్షన్‌ను కొత్తది తొలగించి ఉండొచ్చు. అడ్మిన్ మార్చుకున్న ఫైలును అలాగే ఉంచితే, డెబియన్, ఉబుంటుల్లో కొత్త ఫైలు 'డీపీకేజీ-డిస్ట్' అనే తోకతో పక్కన చేరుతుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఆ తోక 'ఆర్‌పీఎంన్యూ'. రెండు ఫైళ్లనూ పోల్చి చూస్తే తేడా బయటపడుతుంది.

రెండోది చిరునామా మారడం. పీహెచ్‌పీ వెర్షన్ మారినప్పుడు దాని సాకెట్ ఫైలు పేరు కూడా మారొచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్ ఇంకా పాత పేరునే వెతుకుతుంటే వెబ్‌సైట్‌లో 502 ఎర్రర్ వస్తుంది. ఈ రెండు సర్వీసులూ విడివిడిగా బాగానే నడుస్తుంటాయి, వాటి మధ్య దారే తెగి ఉంటుంది.

మూడోది డేటా రూపం. పోస్ట్‌గ్రెస్ 14 డేటా ఫోల్డర్‌తో పోస్ట్‌గ్రెస్ 15 మొదలవదు. ముందు ఆ డేటాను కొత్త వెర్షన్‌కు మార్చుకోవాలి.

నాలుగోది రీస్టార్ట్. లైబ్రరీని అప్‌గ్రేడ్ చేసినా, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ మెమరీలో ఉన్న పాత కాపీనే వాడుతుంది. నెల తర్వాత సర్వర్‌ను రీబూట్ చేసినప్పుడు కొత్తది లోడై, సర్వీసు కూలిపోవచ్చు. అప్పుడు అందరూ ఆ రోజు జరిగిన మార్పుల కోసమే వెతుకుతారు. అందుకే అప్‌గ్రేడ్ చేసిన పూటే, మనుషులు అందుబాటులో ఉన్నప్పుడే, సంబంధిత సర్వీసులన్నీ రీస్టార్ట్ చేసి చూడటం మేలు.

ముందు చూడాలి, తర్వాత ముట్టుకోవాలి

సర్వీసు ఆగిందనగానే పదేపదే రీస్టార్ట్ చేయడం చాలామందికి అలవాటు. సిస్టమ్‌డీలో వరుస ప్రయత్నాలు పరిమితి దాటితే 'మరీ తొందరగా మళ్లీ మళ్లీ ప్రారంభించారు' అన్న అర్థంలో ఒక సందేశం వస్తుంది. అది అసలు కారణం కాదు. దాని కోసం జర్నల్‌సీటీఎల్ లాగ్‌లో ఇంకా పైకి వెళ్లి, మొట్టమొదటి ఎర్రర్‌ను చదవాలి.

తర్వాతి ప్రశ్న: ఏది మారింది? డెబియన్, ఉబుంటుల్లో ఏపీటీ హిస్టరీ లాగ్‌లో ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు వెళ్లిందో సమయంతో సహా ఉంటుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో డీఎన్‌ఎఫ్ హిస్టరీ ఆ పని చేస్తుంది. మొదటి ఎర్రర్ సమయాన్ని ఈ జాబితా పక్కన పెట్టి చూస్తే అనుమానితులు సాధారణంగా ఒకటి రెండుకు తగ్గుతారు. ఎన్‌జిన్‌ఎక్స్, అపాచీ వంటివాటిలో సర్వీసును ప్రారంభించకుండానే సెట్టింగులను సరిచూసే సదుపాయం కూడా ఉంది.

వెనక్కి వెళ్లే ముందు

డేటాను తాకని ప్యాకేజీ అయితే పాత వెర్షన్‌ను మళ్లీ ఎక్కించి, అది తిరిగి అప్‌గ్రేడ్ కాకుండా హోల్డ్‌లో పెట్టొచ్చు. కారణం తేలాక ఆ హోల్డ్ తీయడం మరిచిపోకూడదు, లేకపోతే భద్రతా సవరణలూ ఆగిపోతాయి.

డేటాబేస్ సంగతి వేరు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి 5.7కు దిగే మార్గం అధికారికంగా లేదు. అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన బ్యాకప్‌ను పునరుద్ధరించడమే దారి. ఆ మధ్యలో చేరిన కొత్త వివరాలు అందులో ఉండవు. కాబట్టి ముందే తేల్చుకోవాల్సినవి మూడు: బ్యాకప్ ఉందా, దాన్ని ఎప్పుడైనా పునరుద్ధరించి చూశారా, అందుకు ఎంత సమయం పడుతుంది?

ఎవరూ నొక్కని బటన్

2023 మార్చి 8న డేటాడాగ్ అనే పర్యవేక్షణ సేవల సంస్థకు మరో రకం దెబ్బ తగిలింది. ఉబుంటు 22.04 సర్వర్లలో సిస్టమ్‌డీకి వచ్చిన భద్రతా అప్‌డేట్ దానంతటదే ఎక్కింది. దాంతో నెట్‌వర్క్ విభాగం రీస్టార్ట్ అయి, కంటైనర్ల కోసం వేరే సాఫ్ట్‌వేర్ ఏర్పాటు చేసిన దారులను చెరిపేసింది. సగానికి పైగా సర్వర్లు నెట్‌వర్క్ నుంచి తెగిపోయాయి. వేర్వేరు క్లౌడ్ సంస్థల్లో, వేర్వేరు ప్రాంతాల్లో సర్వర్లు పెట్టుకున్నా, అన్నిటికీ దాదాపు ఒకే సమయంలో అప్‌డేట్ రావడంతో ఆ జాగ్రత్త అక్కరకు రాలేదు. ముందు ఒక్క సర్వర్‌కు, తర్వాత కొన్నింటికి, చివరకు అన్నిటికీ అన్న పద్ధతి భద్రతా అప్‌డేట్లకూ అవసరమే.

హైదరాబాద్ వైపు చూపిన వేలు

2012 వైఫల్యం తర్వాత, ఆ బ్యాచ్ పనులు చూసే సిబ్బందిలో కొందరు హైదరాబాద్‌లో ఉన్నారన్న వార్తలతో బ్రిటన్‌లో అవుట్‌సోర్సింగ్‌పై విమర్శలు వచ్చాయి. అందుకు ఆధారం లేదని అప్పటి సీఈవో స్టీఫెన్ హెస్టర్ చెప్పారు. 2014లో నియంత్రణ సంస్థ చూపిన మూలకారణం వేరు: సాంకేతిక ప్రమాదాలను గుర్తించి అదుపు చేసే ఏర్పాట్లు బ్యాంకులో సరిగా లేకపోవడం.

ఇతర దేశాల సర్వర్లను రాత్రి షిఫ్టుల్లో కనిపెట్టుకుని ఉండే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. అర్ధరాత్రి రెండింటికి సర్వీసు కూలినప్పుడు వారికి అక్కరకొచ్చేది ముందే రాసి, పరీక్షించి పెట్టిన కాగితం. ఏ క్రమంలో వెనక్కి వెళ్లాలి, ఏ దశ దాటితే వెనక్కి వెళ్లకూడదు, ఎవరిని నిద్రలేపాలి అన్నవి అందులో ఉండాలి. అది లేనిచోట తప్పు చివరకు కీబోర్డు ముందున్న మనిషి మీదే పడుతుంది.