పాఠశాలకు సురక్షిత మార్గాలు

పాఠశాలకు సురక్షిత మార్గాలు అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బాలబాలికలు పాఠశాలకు నడిచి గాని, సైకిలుపై గాని క్షేమముగా వెళ్ళుటకు ప్రభుత్వ నిధులతో నడచుచున్న కార్యక్రమము. ఆంగ్లములో దీనిని సేఫ్ రూట్స్ టు స్కూల్ అని పిలుస్తారు. ఇది 2005లో ఫెడరల్ చట్టము ద్వారా దేశమంతటా అమలులోకి వచ్చినది.

నేపథ్యము

1969లో అమెరికాలో 8వ తరగతి వరకు చదువు విద్యార్థులలో సుమారు 48 శాతం మంది నడిచి గాని, సైకిలుపై గాని పాఠశాలకు వెళ్ళేవారు. 2009 నాటికి వీరి సంఖ్య 13 శాతమునకు పడిపోయినది. పాఠశాలలు ఇండ్లకు దూరమగుట, రహదారులపై కార్లు పెరుగుట ఇందుకు ముఖ్య కారణములు. ట్రాఫిక్కుకు భయపడి తల్లిదండ్రులు పిల్లలను కార్లలో దింపుట వలన పాఠశాలల వద్ద ట్రాఫిక్కు మరింత పెరిగినది.

చరిత్ర

ఈ ఆలోచన 1970లలో డెన్మార్కు దేశములోని ఓడెన్స్ నగరములో మొదలైనది. అమెరికాలో తొలి ప్రయత్నము 1997లో న్యూయార్క్ నగరములోని బ్రాంక్స్ ప్రాంతములో జరిగినది. 2000లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ, మసాచుసెట్స్‌లోని ఆర్లింగ్టన్ పట్టణములలో ఒక్కొక్క చోట 50,000 డాలర్ల ఫెడరల్ నిధులతో ప్రయోగాత్మకముగా అమలు చేశారు. మిన్నెసోటాకు చెందిన కాంగ్రెసు సభ్యుడు జేమ్స్ ఒబర్‌స్టార్ కృషి వలన 2005 ఆగస్టులో ఆమోదము పొందిన రవాణా చట్టములో దీనికి చోటు లభించినది.

నిధుల పంపిణీ

2005 చట్టము ఐదు ఆర్థిక సంవత్సరములకు 61 కోట్ల 20 లక్షల డాలర్లను కేటాయించినది. ఈ సొమ్మును 8వ తరగతి వరకు గల విద్యార్థుల సంఖ్యను బట్టి రాష్ట్రములకు పంచారు. చిన్న రాష్ట్రములకు సైతము ఏటా కనీసము 10 లక్షల డాలర్లు లభించెను. చట్టములోని ముఖ్య నియమములు:

* నిధులలో 70 నుండి 90 శాతము కాలిబాటలు, సైకిలు దారులు, రోడ్డు దాటు చోట్లు, వేగ నియంత్రణ వంటి నిర్మాణములకు వాడవలెను.
* మిగిలిన 10 నుండి 30 శాతము శిక్షణ, ప్రచారము, ట్రాఫిక్కు నియమముల అమలు మొదలగు వాటికి వాడవలెను.
* నిర్మాణములు పాఠశాలకు సుమారు 2 మైళ్ళ (3 కి.మీ.) లోపల ఉండవలెను.
* ప్రతి రాష్ట్రములోను పూర్తికాలపు సమన్వయకర్తను నియమించవలెను.

ఖర్చు మొత్తము ఫెడరల్ ప్రభుత్వమే భరించుట వలన స్థానిక సంస్థలు తమ వాటా చెల్లించవలసిన పని లేకపోయినది. అయితే ముందుగా ఖర్చు పెట్టిన పిమ్మటనే సొమ్ము తిరిగి వచ్చును.

అమలు

పెద్దల తోడుతో పిల్లలు గుంపుగా నడచి వెళ్ళు పద్ధతిని "నడక బస్సు" అంటారు. దీనికి బస్సు వలెనే నిర్ణీత మార్గము, ఆగు స్థలములు, వేళలు ఉంటాయి.

ఫలితములు

న్యూయార్క్ నగరముపై జరిగిన ఒక పరిశోధన 2013లో పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురితమైనది. దీని ప్రకారము ఈ పనులు జరిగిన ప్రాంతములలో, పాఠశాలకు వెళ్ళివచ్చు వేళలలో బడి వయస్సు పాదచారులు గాయపడు రేటు 44 శాతము తగ్గినది. పనులు జరగని ప్రాంతములలో చెప్పుకోదగిన మార్పు లేదు.

తరువాతి మార్పులు

2012 రవాణా చట్టము ఈ ప్రత్యేక నిధిని రద్దు చేసి, సైకిలు, పాదచారుల పనులకు ఉద్దేశించిన ఉమ్మడి నిధిలో కలిపినది. నాటి నుండి సాధారణముగా 20 శాతము ఖర్చును స్థానికముగా సమకూర్చుకొనవలసి వచ్చినది. ఇది పేద పట్టణములకు భారమైనది. 2021 చట్టము కార్యక్రమమును 12వ తరగతి వరకు విస్తరించినది గాని, 2005 నాటి వలె ప్రత్యేక నిధిని కేటాయించలేదు.