బడిలో వండిన అన్నం

థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని ఒక బడిలో పిల్లలకు తిండి పెట్టాలని మద్రాసు నగరపాలక సంస్థ 1920లో తీర్మానించింది. అప్పటి అధ్యక్షుడు జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు కుటుంబీకుడు. తలకు రోజుకు అణా దాటకూడదన్నది షరతు. పథకం మరికొన్ని బడులకు పాకింది, పిల్లల సంఖ్యా పెరిగింది. అయినా 1925లో ఆగిపోయింది. ప్రాథమిక విద్యా నిధిని తిండికి ఖర్చు చేయడానికి వీల్లేదని బ్రిటిష్ ప్రభుత్వం అడ్డుచెప్పింది. చదువు ఖాతా వేరు, తిండి ఖాతా వేరు అన్న ఆ లెక్క తప్పు. ఖాళీ కడుపుతో కూర్చున్న పిల్లకు పాఠం తలకెక్కదు గనక బడి అన్నం చదువు ఖర్చులో భాగమే. ఆ తర్వాతి చరిత్ర ఇదే రుజువు చేసింది.

తమిళనాట ముఖ్యమంత్రి కామరాజ్ 1956లో బడి భోజనాన్ని మళ్లీ మొదలుపెట్టారు. 1982లో ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. ఖజానాకు భారమన్న విమర్శల నడుమే దాన్ని విస్తరించారు. 1995 ఆగస్టు 15న పి.వి. నరసింహారావు ప్రభుత్వం దేశవ్యాప్త పథకం తెచ్చింది. కానీ చాలా రాష్ట్రాలు వంట ఊసెత్తకుండా హాజరు చూసి నెలకు మూడు కిలోల గింజలిచ్చి సరిపెట్టాయి. ఆ గింజలు ఇంటికి చేరి అందరి కుండలో కలిసిపోయేవి; మధ్యాహ్నం బడిలో పిల్లల ఆకలి అలాగే ఉండేది. గోదాముల్లో ధాన్యం పేరుకుపోతుంటే జనం పస్తులుండడమేమిటని పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశమిచ్చింది: కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులున్న వండిన భోజనం, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడుల్లో పొయ్యిలు వెలిగాయి. వంట బాధ్యత ఎక్కువచోట్ల మహిళా సంఘాలకు దక్కింది.

ఫలితం కనిపించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలపై యంగ్ లైవ్స్ అనే పరిశోధన ప్రాజెక్టు సమాచారంతో జరిగిన అధ్యయనంలో, కరువు వల్ల ఎదుగుదలలో వచ్చిన లోటును బడి భోజనం పూడ్చిందని తేలింది. మరో మేలు పంక్తిలో ఉంది. అందరికీ ఒకే అన్నం, ఒకే పప్పు, ఒకే వరుస. వంటవారి నియామకంలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దళిత మహిళ వండిందని పిల్లల్ని తిననివ్వని ఊళ్లూ బయటపడ్డాయి. కులం బడి గడప దాటి వస్తోందన్న నిజాన్ని ఆ పంక్తే బయటపెట్టింది, దాన్ని ఎదుర్కోవలసిన చోటూ అదే.

తల్లి ఖాతాలో డబ్బు వేస్తే పోదా అని కొందరంటారు. మూడు కిలోల గింజలు ఇంటికెళ్లినప్పుడు ఏమైందో చూశాం. నగదు కూడా ఇంటి అప్పుల్లో, అవసరాల్లో కలిసిపోయే ప్రమాదముంది. వంట వల్ల పాఠాలు కుంటుపడతాయన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి మందు టీచరును వంట లెక్కల భారం నుంచి తప్పించడం, వంట గదిని మానేయడం కాదు. అన్నిటికన్నా బరువైనది 2013 నాటి బిహార్ విషాదం. సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. సరుకుల నిల్వ, తనిఖీ, రుచి చూసే బాధ్యత గాలికొదిలేస్తే ఏమవుతుందో అది చెబుతుంది. భద్రత కావాలంటే బాధ్యత మోసేవారికి బలమివ్వాలి. 2009లో కేంద్రం వంట మహిళలకు నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం నిర్ణయించింది. పిల్లల అన్నాన్ని హక్కుగా చూస్తే, దాన్ని వండే చేతుల పనికి తగిన జీతం కూడా విద్యా బడ్జెట్‌లోనే రాయాలి.