ఇంట్లోవాళ్లు వినని పాట

మా అమ్మమ్మగారింట్లో ఓ గ్రామఫోను పెట్టె ఉండేది. నాకు ఊహ తెలిసేటప్పటికే దానికి ముసలితనం వచ్చేసింది. వేసవి సెలవుల్లో తాతయ్య దానికి కీ ఇచ్చి, ముల్లు మార్చి, మా పిల్లమూకకి ప్లేట్లు వినిపించేవాడు. పద్యాలూ జావళీలూ అయిపోయాక అట్టడుగునుంచి ఓ ఇంగ్లీషు ప్లేటు తీసేవాడు. తెలుగు కానిదంతా మాకు ఇంగ్లీషే కదా! అందులో ఎవరో మగమనిషి గొంతెత్తి పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి నవ్వేవాడు. ఆ నవ్వు చివరికి ఏడుపులోకి దిగేది. వంటింట్లోంచి అమ్మమ్మ, "ఆపండి బాబూ ఆ గోల! పెళ్లాం లేచిపోయినవాడిలా ఏమిటా ఏడుపు?" అని కసురుకునేది.

అమ్మమ్మ మాట అక్షరాలా నిజమని చాలా ఏళ్లకి గానీ నాకు తెలియలేదు. ఆ పాట 'పాల్యాచీ' అనే ఇటాలియన్ ఒపెరాలోది. భార్య మరొకడితో వెళ్లిపోబోతోందని తెలిసిన విదూషకుడు, మొహానికి రంగు పూసుకుని జనాన్ని నవ్వించడానికి సిద్ధమవుతూ పాడతాడు. పాడినాయన పేరు ఎన్రికో కరూసో. వెళ్లిపోవడం ఆయన సొంతింట్లోనూ జరిగింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఒపెరా అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టమనుకోండి. కథంతా పాటతోనే నడుస్తుంది. కింద పెద్ద వాద్యబృందం మోగుతుంటే, మైకు లేకుండా పాడేవాడి గొంతు ఆఖరి వరసదాకా చేరాలి. మగవాళ్ల గొంతుల్లో పైస్థాయిలో పలికేదాన్ని టెనర్ అంటారు. ప్రేమించే నాయకుడి వేషం సాధారణంగా టెనర్‌దే.

కరూసో 1873 ఫిబ్రవరి 25న ఇటలీలోని నేపుల్స్ నగరంలో పుట్టాడు. తండ్రి మెకానిక్కు. ఏడుగురు పిల్లల్లో పసితనం దాటి బతికినవాళ్లు ముగ్గురే. పదేళ్లు దాటగానే తండ్రి అతన్ని మంచినీటి కొళాయిలు తయారుచేసే చోట పనిలో పెట్టాడు. పాటలు కూడు పెడతాయా అన్నది తండ్రి వాదం. చదువుకోమని, చర్చిలో పాడుకోమని వెనకేసుకొచ్చింది తల్లి అన్నా. 1888లో ఆవిడ పోయింది. పిల్లవాడికి పదిహేనేళ్లు. ఆ గొంతుని మొదట నమ్మిన మనిషి దాని వైభవాన్ని వినలేదు.

తర్వాత పెళ్లిళ్లలో, హోటళ్లలో పాడాడు. సంగీతం చెప్పిన గురువు వెర్జినే, శిష్యుడి సంపాదనలో నాలుగోవంతు అయిదేళ్లపాటు తనకివ్వాలని కాగితం రాయించుకున్నాడు. అయిదేళ్లంటే క్యాలెండరు ఏళ్లు కాదండీ, పాడిన రోజులు మాత్రమే లెక్క! ఏడాదికి అరవై రాత్రులు పాడినా ఆ బాకీ తీరడానికి ముప్పయ్యేళ్లు పడుతుంది. కోర్టుకెక్కి, కొంత సొమ్మిచ్చి వదిలించుకోవాల్సొచ్చింది. సైన్యంలో చేరాల్సిన పిలుపొస్తే అన్న బదులు తమ్ముడు జొవాన్నీ వెళ్లాడు. ఒక గొంతు పైకి రావాలంటే ఇంట్లో ఎంతమంది తలా ఓ చెయ్యి వెయ్యాలో చూడండి!

1895లో నేపుల్స్‌లోనే మొదటిసారి ఒపెరా వేదికెక్కాడు. 1897లో లివోర్నోలో ఆదా జకెట్టీ పరిచయమైంది. అప్పటికే ఆమె పేరున్న గాయని. వేదిక మీద అతనికంటే అనుభవం గలది. ఆమెకి అంతకుముందే పెళ్లయింది. ఇటలీలో విడాకుల చట్టం 1970లో గానీ రాలేదు. అందువల్ల తాళీ లేదు, పెళ్లీ లేదు, కాపురం మాత్రం సాగింది. 1898లో ఒక కొడుకు, 1904లో మరొకడు పుట్టారు. అతను ఊళ్లు తిరిగి పాడుతుంటే ఆవిడ క్రమంగా వేదికకి దూరమైంది. ఈ వాక్యం రాసేటప్పుడు మా మేనత్త గుర్తొచ్చింది. పెళ్లికి ముందు ఊరంతా చెప్పుకున్న ఆవిడ పాట, పెళ్లయ్యాక ఉయ్యాల దగ్గరే ఆగిపోయింది.

1901 కరూసోకి మరిచిపోలేని ఏడు. ఫిబ్రవరిలో మిలాన్‌లోని లా స్కాలా థియేటర్లో దొనిజెత్తి రాసిన 'ప్రేమామృతం' అనే ఒపెరా పాడాడు. వాద్యబృందాన్ని నడిపించినవాడు తోస్కనీనీ. వన్స్‌మోర్లంటే ఆయనకి పడదు. అంతటివాడూ జనం గోలకి తలవంచి పాట మళ్లీ పాడించాల్సొచ్చింది. అదే ఏడాది డిసెంబరు 30న అదే ఒపెరాని సొంత ఊరు నేపుల్స్‌లో, సాన్ కార్లో థియేటర్లో పాడాడు. అక్కడ చప్పట్లు మొక్కుబడిగా పడ్డాయి. పత్రికలు వంకలు పెట్టాయి. మనసు విరిగిన కరూసో ఇక ఈ ఊరికి తిండి తినడానికే వస్తాను గానీ పాడనన్నాడట. ఒప్పుకున్న ప్రదర్శనలు ముగించాక, బతికున్నన్నాళ్లూ ఆ వేదిక మళ్లీ ఎక్కలేదు. పుట్టింట్లో తగిలిన మాట ఎంత లోతున దిగుతుందో మన ఆడవాళ్లకి వేరే చెప్పాలా?

ఊరు వినకపోతేనేం, ప్రపంచం విన్నది. 1902 ఏప్రిల్ 11న మిలాన్‌లో ఓ హోటలు గదిలో, ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే గ్రామఫోను కంపెనీ మనిషి అతనిచేత పది పాటలు పాడించాడు. ప్రతిఫలం వంద పౌన్లు. అంత సొమ్మివ్వడానికి వీల్లేదని కంపెనీ తంతి ఇచ్చినా తాను లెక్కచెయ్యలేదని గైస్‌బర్గ్ తర్వాత రాసుకున్నాడు. అప్పటికింకా మైకులు లేవు. ఓ పెద్ద కొమ్ములోకి పాడితే ఆ అదురుకి సూది మైనం మీద గీత గీసేది. చాలా గొంతులు ఆ కొమ్ములో పడి పీలగా అయిపోయేవి. కరూసో గొంతులో అడుగున ఓ బరువుంది. అందుకే అది చెక్కుచెదరకుండా నిలిచింది. ఇదే గైస్‌బర్గ్ ఆ ఏడాది నవంబరులో కలకత్తా వచ్చి మన గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆవిడా 1873లోనే పుట్టింది!

1903 నవంబరులో కరూసో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపెరాలో అడుగుపెట్టాడు. పద్దెనిమిది సీజన్లలో అక్కడ ఎనిమిది వందల పైచిలుకు రాత్రులు పాడాడు. లండన్, బ్యూనస్ ఎయిర్స్, మాంటెకార్లో సరేసరి. 1906 ఏప్రిల్ 17 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో పాడి పడుకున్నాడు. తెల్లారేసరికి భూకంపం! బతికి బయటపడి, ఆ ఊరికీ మళ్లీ వెళ్లలేదు.

1908లో ఆదా ఇల్లు విడిచి కారు డ్రైవరుతో వెళ్లిపోయింది. ఆ గొడవ కోర్టులదాకా పోయింది. లోకం ఆమెని ఏమన్నదో ఊహించుకోవచ్చు. ఆ ఇంట్లో ఆమె ఎన్నేళ్లు ఒంటరిగా ఉందో ఎవరడిగారు? కరూసో మాత్రం ఆ తర్వాతా ఎన్నో రాత్రులు మొహానికి రంగు పూసుకుని ఆ విదూషకుడి పాట పాడాడు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లు చూసినది నటనే అనుకున్నారో, ఏమో!

1918లో డొరొతీ అనే అమెరికన్ అమ్మాయిని, ఆమె తండ్రికి ఇష్టం లేకపోయినా పెళ్లాడాడు. 1919 డిసెంబరులో కూతురు గ్లోరియా పుట్టింది. ఇప్పటికి కుదురుకున్నాడనుకునేలోగా, 1920 డిసెంబరు 11న బ్రూక్లిన్‌లో పాడుతుండగా నోటివెంట రక్తం పడింది. రుమాళ్లు తడిసిపోతున్నా మొదటి అంకం పూర్తిచేశాడు. ఆ రోజు ఒపెరా ఏమిటనుకున్నారు? నేపుల్స్‌లో మనసు విరగ్గొట్టిన 'ప్రేమామృతం'! ఆ నెల 24న పాడిందే ఆఖరు. ఊపిరితిత్తుల పొరల్లో చీము పట్టింది. ఆపరేషన్ మీద ఆపరేషన్ చేశారు. కాస్త తేరుకోగానే పుట్టిన గడ్డకే ప్రయాణమయ్యాడు. 1921 ఆగస్టు 2న, ఏ ఊళ్లో పాడనన్నాడో ఆ నేపుల్స్‌లోనే కన్నుమూశాడు. నలభై ఎనిమిదేళ్లు, అంతే. రాజుగారు తన ప్రార్థనామందిరం తెరిపించి అంత్యక్రియలు జరిపించారు. చప్పట్లు కొట్టడానికి చేతులు రాని ఊరు కన్నీళ్లతో వీధులు నింపింది.

అప్పటికి గ్లోరియాకి ఇరవై నెలలు. తండ్రి ఒళ్లో కూర్చున్న జ్ఞాపకమైనా మిగలని వయసు. పెద్దయ్యాక ఆ అమ్మాయి నాన్న గొంతు వినాలంటే మనలాగే ప్లేటు పెట్టుకోవాల్సిందే.

మొన్న ఓ రాత్రి పనులన్నీ తెముల్చుకుని ఫోనులో ఆ పాట పెట్టాను. మావారు పత్రికలోంచి తలెత్తి, "ఎవరే అతను, అంత ఏడుస్తున్నాడు?" అన్నారు. అమ్మమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ వెంటనే మేనత్త గుర్తొచ్చింది. నూటపాతికేళ్ల కిందటి పరాయిదేశస్థుడి గొంతు మా ఇంట్లో పలుకుతోంది. మా అత్త గొంతు ఎక్కడా లేదు.

మర్నాడే అమ్మకి ఫోన్ చేశాను. "ఈ ఆదివారం వస్తున్నా. ఆ పాత మంగళహారతులన్నీ పాడాలి, రికార్డు చేసుకుంటా" అన్నాను.

"నా గొంతు ఇప్పుడెవరు వింటారే" అంది అమ్మ.