బ్రేకు గొట్టముల తుప్పు

మోటారు కారున డ్రైవరు పెడలుపై మోపు పాదబలమును నాలుగు చక్రముల చెంతకు కొనిపోవు సన్నని ఉక్కు గొట్టములకు బ్రేకు పైపులని వ్యవహారము. మూసిన పాత్రయందలి ద్రవముపై కలిగించిన పీడనము తగ్గక అన్ని దిక్కులకును ప్రసరించునని 17వ శతాబ్దమున పాస్కల్ తెలిపిన సూత్రమే వీనికి ఆధారము. అమెరికాలో 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ద్రవ బ్రేకులతో వెలువడిన పిమ్మట ఈ పద్ధతి క్రమముగ లోకమంతట వ్యాపించెను. గట్టిగ తొక్కినపుడు గొట్టములోని పీడనము చదరపు అంగుళమునకు 1000 పౌనులను మించగలదు. అంతటి ఒత్తిడిని భరించు గొట్టమునకు వెలుపలి వ్యాసము సాధారణముగ 4.75 మిల్లీమీటర్లు, గోడ మందము ఇంచుమించు 0.7 మిల్లీమీటరు మాత్రమే.

శీతలదేశములందు బాటలపై మంచు కరగుటకై చల్లు ఉప్పు ఈ గొట్టములకు ప్రధానశత్రువు. ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాలయందు అట్టి ఆచారము లేదు గాని, ఉప్పు వేరొక దారిన వచ్చి చేరుచున్నది. 1936లో ఒడిశా రాష్ట్రమేర్పడువరకు విశాఖపట్టణము జిల్లాలో భాగమై, నేటికిని తెలుగు మాటలాడువారు గణనీయముగ నివసించు ఈ సీమకు (రాయగడ 1992లో వేరు జిల్లా అయినది) తీరముతోడి రాకపోకలు ఎన్నడును తెగలేదు. సముద్రపు గాలిలో ఏండ్ల తరబడి నిలిచిన విశాఖ కారు చేతులు మారి, సాలూరు ఘాటు మీదుగ కోరాపుట్‌నకో, పార్వతీపురము మీదుగ రాయగడకో వచ్చునపుడు తుప్పును వెంటబెట్టుకొనియే వచ్చును. జూను మొదలు సెప్టెంబరు వరకు కురియు వానలును, కారు అడుగున మెత్తి ఆరని ఎర్రమట్టి బురదయు తక్కిన పని పూర్తిచేయును. ఊరిలో మెల్లగ తొక్కుచు తిరుగునంతకాలము లోపము బయటపడకపోవచ్చును. సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తుననున్న కోరాపుట్ నుండి సునాబెడ, పొట్టంగి దాటి సాలూరునకు దిగు మలుపులలో, మాటిమాటికి బలముగ తొక్కవలసి వచ్చినపుడే క్షీణించిన గోడ పగులుట సంభవము. రెండు వలయములుగ విభజింపబడిన ఆధునిక వ్యవస్థలో ఒకటి పగిలినను రెండవది కొంత ఆదుకొనును. ఒకే వలయముగల పాత బండిలో పెడలు ఒక్కసారిగ నేలకు దిగిపోవును.

తుప్పు గొట్టము పొడవునను సమానముగ వ్యాపింపదు. గొట్టమును అడుగుభాగమునకు బిగించు క్లిప్పుల క్రిందను, వెనుక ఇరుసు దగ్గరను, గొట్టపు కొనను బిగించు యూనియన్ నట్టు మొదటను బురద తడి నిలుచును గనుక అచ్చటనే గుంటలు పడును. కావున క్లిప్పు విప్పి చూడని పరీక్ష పరీక్షయే కాదు. అమ్మకమునకు ముందు కారు అడుగున పూయు నల్లని పూతను కొనువారు రక్షణయని భ్రమింతురు గాని, తుప్పుపై పూసినపుడు అది దానిని మూయుటకే ఉపకరించును. పైపొర మాత్రమే ఎరుపెక్కిన గొట్టమును శుభ్రపరచి, తుప్పు నిరోధకము పూసి, కనిపెట్టియుండవచ్చును; గుంటలుపడి పొరలూడుచున్నదానిని, చెమ్మ కనిపించినదానిని మార్చుట తప్ప మార్గము లేదు.

చిల్లికి టంకము పెట్టుట, బంకపూత చుట్టుట, పగిలిన తావున తొడుగు బిగించుట మొదలగు అతుకుపనులు ఈ పీడనమున నిలువవు. శీతలయంత్రములకు వాడు మెత్తని రాగి గొట్టము సులభముగ వంగునని కొందరు దానికి ఆశపడుదురు. అది ప్రకంపనమునకు క్రమముగ గట్టిపడి చిట్లును గనుక వర్జనీయము. ఉక్కుకు బదులు వాడదగినది సుమారు 10 శాతము నికెలు కలిసిన రాగి మిశ్రలోహము: తుప్పును చక్కగ తట్టుకొనును, చేతితో వంచుటకును లొంగును. గొట్టపు కొనను రెండు మడతలుగ విప్పారజేయు ఫ్లేరింగ్, పాతదాని ఆకృతికి సరిగ నుండవలెను. నట్టు మరలు ఎంత సరిపోయినను, కొన ఆకృతి కుదరనిచో కారుట ఆగదు. తుప్పుతో కరచుకొనిన నట్టును బలిమితో త్రిప్పినచో ఆరోగ్యముగనున్న పక్క గొట్టము కూడ మెలితిరుగును. అందుచే చొచ్చుకొనిపోవు నూనె వేసి కొంతసేపు ఉంచి, మార్చదలచిన గొట్టమును నట్టు చెంతనే కోసి, నట్టుపై రింగు స్పానరు పూర్తిగ కూర్చుండునట్లు చేసి విప్పుట మేలు.

గొట్టము మార్చిన పిమ్మట లోని గాలిని వెడలగొట్టవలెను. పెడలు బలమును ద్రవమునకు అందించు మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరమునగల చక్రముతో, అనగా కుడిచేతి స్టీరింగు కార్లలో సాధారణముగ ఎడమ వెనుక చక్రముతో, ఆరంభించుట వాడుక. కొన్ని కార్లకు క్రమము వేరుగ నుండును. ఇందులకు సీలు విప్పని డబ్బాలోని కొత్త బ్రేకు ఆయిలే తగును. ఇది గాలియందలి తేమను పీల్చు స్వభావము గలది: డాట్ 3 రకమునకు కొత్తదైయున్నపుడు కనీసము 205 డిగ్రీల సెల్సియస్ ఉండవలసిన మరుగుస్థానము, తేమ చేరిన స్థితిలో 140 డిగ్రీలకు దిగవచ్చును, తేమ లోపలినుండియు తుప్పును పెంచును. వానకాలమున సగము మిగిలి షెడ్డు అరపై మూత వదులుగ నున్న డబ్బాలోనిదానిని మరల వాడరాదు.