పది కొండచిలువలు, ఒక జనవరి

2009లో ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల నుంచి పది బర్మా కొండచిలువల్ని ఉత్తరాన ఉన్న సౌత్ కరోలినాకు తరలించారు. ఒంటి వేడిని కనిపెట్టి చూస్తూ ఆరుబయట కంచె వేసిన ఆవరణలో వదిలారు. అక్కడి చలికి ఈ జాతి ఆగుతుందా అన్నది శాస్త్రవేత్తల ప్రశ్న. చాలా పాములు ఫ్లోరిడాలో ఎరగని చలిని కొన్నాళ్లపాటు ఓర్చుకున్నాయి. 2010 జనవరి గడిచేసరికి ఒక్కటీ మిగల్లేదు.

ఎవర్‌గ్లేడ్స్ కూడా వాటి సొంత ఊరు కాదు. ఆగ్నేయాసియా తడి అడవుల్లో ఏలిన వంశమది. పెంపుడు పాముల వ్యాపారం వాటిని సముద్రాలు దాటించింది. పిల్లగా చేతిలో ఇమిడిన పాము పెరిగి పెద్దదై గాజు పెట్టెలో పట్టకపోతే, తెచ్చుకున్నవాళ్లే చిత్తడిలో వదిలేశారు. అక్కడి రకూన్లనూ కుందేళ్లనూ అవి ఊడ్చిపెట్టిన మాట నిజమే. కానీ ఆ నేరం పాముది కాదు.

పాముకు ఒంట్లో పొయ్యి లేదు. పెంచుకునే పెట్టెలో ఒక చివర 32 డిగ్రీలు, రెండో చివర 26 డిగ్రీల దాకా ఉంటే, అది అటూ ఇటూ జరుగుతూ తనకు కావలసిన వేడి చూసుకుంటుంది. ఆ వేడి అందకపోతే మింగిన ఎలుక అరగదు, కక్కేస్తుంది. చలి ముదిరితే ఒళ్లు కదలదు. ఒళ్లు కదలకపోతే నాలుగడుగుల దూరంలో వెచ్చని చోటున్నా చేరుకోలేదు.

గుండె పిండే సంగతి మరొకటి ఉంది. ఈ జాతి తల్లి గుడ్ల చుట్టూ చుట్ట చుట్టుకుని, తిండి మాని, కండరాలు వణికించి వేడి పుట్టిస్తుంది. పిల్లలు బయటికి వచ్చేదాకా వారాల తరబడి అదే తపస్సు. గుడ్ల కోసం పుట్టించిన ఆ వేడిని తన కోసం పుట్టించుకోవడం దానికి చేతకాదు.

అదే జనవరిలో ఎవర్‌గ్లేడ్స్‌లో రేడియో పరికరాలతో గమనిస్తున్న వేరే పది కొండచిలువల్లోనూ తొమ్మిది చనిపోయాయి. 2012లో అమెరికా ఈ జాతి దిగుమతిని నిషేధించింది. వేరే జాతుల కొండచిలువలు మాత్రం ఇప్పటికీ అక్కడి ఇళ్లలో పెరుగుతున్నాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక్క మాట. పిల్లలు పామును అడిగితే ముందు థర్మోస్టాట్ కొనండి, పెట్టెకు రెండు చివర్లా థర్మామీటర్లు పెట్టండి, మంచు తుపానులో కరెంటు పోతే ఏం చేయాలో ఆలోచించి పెట్టుకోండి. అంత ఓపిక లేకపోతే దయచేసి పామును ఇంటికి తేకండి.