క్యామ్: దువ్వెన పళ్ల నుంచి గేరు పళ్ల దాకా

'క్యామ్' అనేది డచ్చి మాట 'కామ్' నుంచి ఇంగ్లిషులోకి చేరింది. డచ్చిలో దానికి దువ్వెన అని అర్థం. మరచక్రాల కొయ్య పళ్లకూ అదే పేరు. తెలుగులోనూ దువ్వెనకూ, గేరుకూ పళ్లే ఉంటాయి. డచ్చివారు 1605లోనే మచిలీపట్నంలో దిగినా, ఈ మాట మనకొచ్చింది ఇంగ్లిషు మీదుగానే.

హైదరాబాద్‌లో దమ్మాయిగూడ, నాచారం వైపు మోటారు షెడ్లలో 'టైమింగ్' అంటే వాల్వులను తెరిచే క్యామ్, పిస్టన్‌తో తిరిగే క్రాంక్ గేర్ల పొంతన. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరగాలి. అందుకే క్యామ్ గేరుకు పళ్లు రెట్టింపు. ఇంజన్ మళ్లీ కట్టేటప్పుడు మొదటి పిస్టన్‌ను పైకొసకు తెచ్చి, గేర్ల మీది గుర్తులు కలపాలి. 36 పళ్ల క్యామ్ గేరులో ఒక్క పన్ను తప్పితే క్రాంక్ లెక్కలో 20 డిగ్రీల తేడా, చిన్న తప్పేమీ కాదు. వాల్వులు వేళ తప్పుతాయి; కొన్ని ఇంజన్లలో పిస్టన్ తగిలి వంగిపోతాయి కూడా. బిగించాక క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడాలి. గుర్తుల చోటు బండిని బట్టి మారుతుంది. ఆ బండి మాన్యువల్ చూడకుండా గేరు ఎక్కించకూడదు.