ట్రెయిలర్ లాగే డీజిల్ పికప్‌లు (అమెరికా)

బరువైన ట్రెయిలర్లను లాగడానికి అమెరికాలో వాడే పెద్ద పికప్ ట్రక్కుల తరగతి. ఫోర్డ్ సూపర్ డ్యూటీ, షెవ్రొలే సిల్వరాడో హెచ్‌డీ, జీఎంసీ సియెర్రా హెచ్‌డీ, రామ్ 2500, 3500 ఇందులో ముఖ్యమైనవి. 1989 మోడల్ డాడ్జ్ రామ్‌లో 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజను వచ్చాక ఈ తరగతిలో డీజిల్‌కు గట్టి పేరొచ్చింది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే ఎక్కువ టార్క్ ఇవ్వడం డీజిల్ బలం. కొండ దారి దిగేటప్పుడు, ఇంజనుతోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ తోడుండటం అంతకన్నా విలువైనది.

చాలామంది ప్రకటనల్లోని గరిష్ఠ లాగుడు సామర్థ్యాన్నే చూసి కొంటారు. అది చాలదు. మామూలు ట్రెయిలర్ బరువులో 10–15 శాతం, పికప్ తొట్టెలో తగిలించే ఫిఫ్త్ వీల్ ట్రెయిలరైతే 15–25 శాతం ట్రక్కు మీదే పడుతుంది. ఎక్కే మనుషులు, సామాన్లు కూడా ట్రక్కు మోయగల బరువు లెక్కలోకే వస్తాయి. పైగా డీజిల్ ఇంజను బరువెక్కువ. అందువల్ల డీజిల్ ట్రక్కు అదే మోడల్ పెట్రోల్ రకం కన్నా తక్కువ బరువు మోయవచ్చు. ట్రెయిలర్ మరీ పెద్దదైతే వెనక నాలుగు చక్రాలుండే డ్యూయలీయే సరైన ఎంపిక. బండి మోయగల బరువు డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌పై ఉంటుంది; బేరానికి ముందే దాన్ని చదవండి.